బొగ్గు బస్సు లెక్క

మా నాన్న తన పదిహేడో ఏట, 1942లో, కాకినాడ నుంచి కోటిపల్లి వెళ్లే బస్సులో క్లీనరుగా చేరాడు. బస్సు కదలాలంటే ముందు ఆయన చెయ్యి కదలాలి. బండి వెనక నిలువెత్తు ఇనప పీపా, దాని నిండా కట్టెబొగ్గు. తెల్లవారుజామునే నిప్పు వేసి, పక్కనున్న ఫ్యాను పిడి పట్టుకుని ఆపకుండా తిప్పాలి. కాసేపటికి బొగ్గులోంచి గ్యాసు పుడుతుంది. గొట్టంలో నడిచి, బూడిదను పట్టే జల్లెడలు దాటి ఇంజన్లోకి చేరుతుంది. డ్రైవరు వచ్చి బండి అందుకునేసరికి నాన్న చొక్కా తడిసిపోయేదట.

ఎందుకు వచ్చింది ఆ అవస్థ? కాకినాడ నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లికి 1928లో రైలు వేశారు. 1940లో యుద్ధం పేరు చెప్పి ఆ పట్టాలు పీక్కుపోయారు. మరుసటి ఏడు పెట్రోలుకి రేషన్ పెట్టారు. రైలూ లేదు, పెట్రోలూ లేదు. జనం మాత్రం కోర్టులకీ, సంతలకీ, పెళ్లిళ్లకీ వెళ్లక తప్పదు. అంతకుముందు తొంభై ఏళ్లుగా, ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన దగ్గర్నుంచి, డెల్టా సరుకు చాలావరకు కాలవల్లో పడవల మీదే నడిచింది. కానీ గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగే పడవలో రోజంతా కూర్చునే అలవాటు అప్పటికే పోయింది. అందుకని బొగ్గు బస్సు వచ్చింది.

చిన్నప్పుడు నేనొకసారి నాన్నని అడిగాను, బొగ్గులు అంత చవకైతే యుద్ధం అయ్యాక వాటిని ఎందుకు తీసేశారని. ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాత్రం చాలాసేపు చెప్పాడు. గ్యాసు మీద ఇంజన్‌కి పెట్రోలు మీద ఉన్న బలం ఉండేది కాదు. మనది పల్లపు నేల కాబట్టి సరిపోయింది గానీ, కాలవ వంతెన ఎక్కే ప్రతిచోటా మగవాళ్లంతా దిగి తొయ్యాల్సిందే. జల్లెడలు పూడిపోయేవి, ఇంజన్లోకి బూడిద దిగి పిస్టన్లు అరిగిపోయేవి. పీపా దగ్గర ఎక్కువసేపు నిలబడితే తల దిమ్మెక్కేది. అది కార్బన్ మోనాక్సైడ్ అని నాన్నకి తెలీదు, పడని గాలి అనుకునేవాడు. "బస్సాయన బొగ్గుల ఖర్చు ఒక్కటే పుస్తకంలో రాసేవాడురా. నా చెయ్యీ, ఇంజనూ, తోసేవాళ్లూ ఆ పుస్తకంలో లేరు," అన్నాడు.

ఈ సంక్రాంతికి వచ్చినప్పుడు మా అబ్బాయి, "నాన్నా, ఆ పాత కారు ఇచ్చేసి కరెంటు కారు కొనుక్కో, కిలోమీటరుకి రూపాయిన్నర కూడా పడదు," అన్నాడు. వెంటనే నాకు బస్సాయన పుస్తకమే గుర్తొచ్చింది.

నాది 1999లో కొన్న మారుతి 800. ఆ కారు తయారీ 2014 జనవరిలో ఆగింది. అదే ఏడు మేలో అంబాసిడర్ కూడా ఆగిపోయింది. నాన్న ఆఖరి ఉద్యోగం అంబాసిడర్ ట్యాక్సీ మీదే. మాస్టారుగా రిటైరయ్యాక నెలకి మూడు వందల కిలోమీటర్లకి మించి తిరగను. సామర్లకోట, పిఠాపురం, ఎప్పుడన్నా అన్నవరం. ఏడాదికి 3,600 కిలోమీటర్లు, లీటరుకి 15 చొప్పున 240 లీటర్లు. లీటరు 110 రూపాయలు వేసుకుంటే 26,400. మన రాష్ట్రంలో పెట్రోలు మీద 31 శాతం వ్యాటు, ఆ పైన లీటరుకి మరో నాలుగు రూపాయలు, రోడ్డు సెస్సు ఒక రూపాయి. అందుకే ఆ ధర.

కరెంటు కారుకి అదే దూరానికి ఇంటి మీటరులో దాదాపు 515 యూనిట్లు తిరుగుతాయి. ఇప్పటికే మా వాడకం నెలకి 225 యూనిట్లు దాటుతుంది కాబట్టి కారుకి వాడేదంతా పై శ్లాబులోనే పడుతుంది. సర్దుబాటు చార్జీలు కలిపి యూనిట్ తొమ్మిదిన్నర అనుకున్నా 4,900 రూపాయలు. మిగులు 21,500. మా అబ్బాయి చెప్పింది అబద్ధం కాదు.

కానీ పుస్తకంలో తక్కిన గళ్లు కూడా నింపాలి. నా కారుకి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు రెండు వేల చిల్లర. పది లక్షల కొత్త కారుకి పూర్తి ఇన్సూరెన్సు ఏటా పాతిక వేల దాకా అడిగారు. మిగిలిందంతా అక్కడే పోయింది. రిపేర్లలో ఏడాదికి ఓ ఎనిమిది వేలు కలిసొస్తాయి, అంతే. ఆ పది లక్షలూ బ్యాంకులో ఉంటే వచ్చే వడ్డీ డెబ్బై వేలు. పాత బండిని ఉంచుకోవడమూ ఊరికే కాదు. ఉప్పాడ వైపు నుంచి వీచే సముద్రపు ఉప్పుగాలికి కారు అడుగు రేకు రెండుసార్లు మార్పించాను. ఇరవై ఏళ్లు దాటిన కారుకి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2025లో పది వేలు చేశారు. అది కట్టినా నా లెక్క మారదు.

ఇంకో గడి ఉంది, దాన్ని రూపాయల్లో రాయలేను. 1996 నవంబరు 6 రాత్రి తుపాను తరవాత మా వీధికి వారం పైగా కరెంటు రాలేదు. డబ్బాలో దాచిన పెట్రోలు పోసుకుని స్కూటరు మీద యానాం వైపు బంధువుల్ని వెతుక్కుంటూ వెళ్లాను. ఈ తీరాన ఉన్నవాడు ఆ వారాన్ని మరిచి లెక్క వెయ్యకూడదు.

కరెంటు దేంతో పుడుతోందన్నది కూడా నాకు ముఖ్యమే. 2009 ఏప్రిల్లో మన సముద్రంలోంచి గ్యాసు గాడిమొగ దగ్గర ఒడ్డుకి వచ్చినప్పుడు ఈ జిల్లా అంతా ఎంత ఆశపడిందో! కొన్నాళ్లకే గ్యాసు తగ్గింది. సామర్లకోటలో 2,400 మెగావాట్లకని తలపెట్టిన కేంద్రానికి గ్యాసే అందలేదు. ఇప్పుడు మన ప్లగ్గులో వచ్చే కరెంటులో చాలా భాగం రాక్షసి బొగ్గుదే. నాన్న తిప్పింది కట్టెబొగ్గు, ఇది నేలబొగ్గు. అయినా ఒక్క తేడా పెద్దది. పొగ ఊరి మధ్య కాకుండా దూరాన వస్తుంది. పైగా కరెంటు మోటారు పెట్రోలు ఇంజన్ కన్నా చాలా తక్కువ శక్తిని వృథా చేస్తుంది. 2022 నుంచి తిరుమల కొండ మీదికి కరెంటు బస్సులు జనాన్ని ఎక్కిస్తున్నాయి, దిగి తొయ్యమనడం లేదు. నాన్న ఉంటే తీసుకెళ్లి చూపించేవాణ్ణి.

మా పక్కింటి ట్యాక్సీ అబ్బాయి లెక్క వేరు. అతను నెలకి నాలుగు వేల కిలోమీటర్లు తిరుగుతాడు. "మాస్టారూ, నాకు వేసి చూడండి," అంటే ఇద్దరం కాకినాడ భానుగుడి దగ్గర టీ కొట్లో కూర్చుని వేశాం. లీటరుకి 20 వచ్చే బండికి ఏడాది పెట్రోలు 2,64,000. బయట చార్జింగు ధర కూడా కలిపి యూనిట్ పన్నెండు వేసినా కరెంటుకి 82,000 అయింది. బ్యాటరీకి ఎనిమిదేళ్లు, 1,60,000 కిలోమీటర్ల గ్యారంటీ అంటున్నారు. అతనికి ఆ కిలోమీటర్లు మూడున్నరేళ్లలోనే అయిపోతాయి. ఆ తరవాత బ్యాటరీ ఖర్చు తనదేనని ముందే అనుకుని, ఏటా కొంత పక్కన పెట్టమని చెప్పాను. ఆ మాట మీదే అతను కొన్నాడు. మంచి పని చేశాడు.

నేను కొనలేదు. కోటిపల్లి పట్టాలు తిరిగి రావడానికి 2004 దాకా, అరవై ఏళ్ల పైన పట్టింది. పోయింది తిరిగి తెచ్చుకోవడం ఎంత కష్టమో అందులో ఉంది. నడుస్తున్న బండిని తుక్కుకి ఇవ్వడానికి నాకు చెయ్యి రాదు. ఊళ్లో ఎక్కువ తిరిగేవి ముందు మారాలి: ఆటోలు, ట్యాక్సీలు, సిటీ బస్సులు, సామాన్లు మోసే బళ్లు. మీరు నెలకి వెయ్యి కిలోమీటర్లు దాటుతుంటే రేపే వెళ్లి చూడండి. దాటకపోతే ఉన్న కారుని బాగా చూసుకోండి. ఏది చేసినా, అన్ని గళ్లూ నింపాకే చెయ్యండి.