జెల్డా ఆటల్లో ఏది మేలు? ఒక వాదం చరిత్ర

ఒక వీడియోగేమ్ గురించి జనం అన్న మాటను మీరు చరిత్రకు ఆధారంగా వాడదలిస్తే, ముందుగా అడగవలసింది ఆ మాట ఎప్పుడు అన్నారని. జపాన్‌కు చెందిన నింటెండో సంస్థ సాహస క్రీడల వరుస ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా’ను ఉదాహరణగా తీసుకుందాం.

షిగెరు మియమొతో, తకాషి తెజుకా రూపొందించిన మొదటి ఆట 1986లో వచ్చింది. అందులో లోకాన్ని పైనుంచి చూస్తాం. ఎటు వెళ్లాలో ఆట పెద్దగా చెప్పదు. 1987 నాటి రెండో ఆట పోరాటాలను పక్కనుంచి కనిపించేలా మార్చి, అనుభవ పాయింట్లను చేర్చింది. దీన్ని ‘దారి తప్పిన ఆట’ అనేవారు నేటికీ ఉన్నారు. ఇక్కడ మీరు జాగ్రత్తపడాలి. 1987లో తప్పడానికి దారి ఏది? అప్పటికి ఉన్నది ఒక్క ఆటే. 1991లో మూడో ఆట తిరిగి పైనుంచి చూసే పద్ధతికి వచ్చాకనే అది రాచబాట, రెండోది పెడదారి అయ్యాయి.

1998లో వచ్చిన త్రిమితీయ ఆట ‘ఒకరినా ఆఫ్ టైమ్’ తర్వాతివాటికి కొలబద్ద అయింది. ఆ భారం ఎక్కువగా పడింది ‘ది విండ్ వేకర్’ మీద. 2000 ఆగస్టులో నింటెండో తన ప్రదర్శనలో వాస్తవిక చిత్రణతో కత్తియుద్ధం చూపింది. మరుసటి ఏడాది అదే వేదికపై కార్టూన్ బొమ్మలా ఉన్న నాయకుడు కనిపించేసరికి, ఇది చిన్నపిల్లల ఆట అని అభిమానులు చాలామంది మండిపడ్డారు. అప్పటికి ఆట విడుదలే కాలేదు! సినిమా చూడకుండా రివ్యూ చెప్పేవారికి వీరేమీ తీసిపోరు. 2002 చివర్లో ఆట జపాన్‌లో విడుదలయ్యాక, ఆడినవారి నుంచి మరో ఫిర్యాదు వచ్చింది: సముద్రప్రయాణం సాగదీతగా ఉందని, చివర్లో ముక్కల వేట విసిగిస్తోందని.

ఈ రెండు విమర్శలనూ ఒకే గాటన కట్టకండి. 2013లో ఇదే ఆటను మెరుగుపరచి మళ్లీ విడుదల చేసినప్పుడు నింటెండో వేగంగా సాగే తెరచాపను చేర్చింది, ఆ వేటను కుదించింది. కార్టూన్ రూపాన్ని మాత్రం అలాగే ఉంచింది. అయితే మొదటి విమర్శకు బలం లేదని తేల్చేయడానికీ వీల్లేదు. 2006 నాటి ‘ట్వైలైట్ ప్రిన్సెస్’ వాస్తవిక రూపంతోనే వచ్చింది.

2017 నాటి ‘బ్రెత్ ఆఫ్ ద వైల్డ్’తో మొదటి ఆట మళ్లీ చర్చకొచ్చింది. దాని రూపకర్తలు కొత్త ఆలోచనలను పరీక్షించడానికి ముందుగా ఒక ద్విమితీయ నమూనా తయారుచేసుకున్నారు. అది చూడటానికి అచ్చం 1986 నాటి ఆటలాగే ఉంటుంది.