ఫర్నిచరుకు కలప ఎంపిక

మంచాలు, బల్లలు, బీరువాలు మొదలైన వాటిని వడ్రంగి చేత ప్రత్యేకంగా చేయించుకునేటపుడు ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో టేకు, వేగిస, నల్లమద్ది, జిట్రేగి, దిరిసెన, వేప, పనస, మామిడి వంటి కలపలను వాడతారు. సామాను మన్నిక చెట్టు జాతితో పాటు, ఆ చెక్కలో చేవ ఎంత ఉన్నది, అది ఎంతవరకు ఆరినది అనే రెండు విషయాలపై ఆధారపడి ఉంటుంది. అమ్మకంలో మాత్రం ఎక్కువగా జాతి పేరుకే ధర పలుకుతుంది.

గట్టి కలప అనే మాట

వృక్షశాస్త్రంలో ద్విదళబీజ వృక్షాల కలపను గట్టి కలప అనీ, దేవదారు, పైన్ వంటి వివృతబీజాల కలపను మెత్తని కలప అనీ వ్యవహరిస్తారు. ఇది చెట్ల వర్గీకరణయే గాని గట్టిదనానికి కొలత కాదు. కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొనికి చాలా తేలికైనది, మెత్తనిది. అయినా ఈ లెక్కన అదీ గట్టి కలపే!

చేవ

మాను మధ్యభాగంలో ముదురు రంగులో ఉండే చెక్కను చేవ అంటారు. దాని చుట్టూ లేత రంగులో ఉండేది రసదారువు. రసదారువులో పిండిపదార్థం ఉండడం వలన దానికి పుచ్చు పురుగులు పడతాయి. టేకు చెదలను తట్టుకోవడానికి కారణం దాని చేవలో ఉండే టెక్టోక్వినోన్ వంటి పదార్థాలు. టేకు రసదారువుకు ఆ రక్షణ లేదు. తోటలలో పెంచి చిన్న వయసులోనే నరికిన టేకులో రసదారువు పాలు ఎక్కువగా ఉంటుంది. కనుక 'టేకు' అన్న పేరు ఒక్కటే చాలదు. లేత టేకు కంటే చేవదేరిన వేగిస నయం. రంగు, పాలిష్ వేసిన తరువాత ఈ తేడాను పట్టుకోవడం కష్టం. అందుచేత చెక్కను కోత దశలోనే, కొసలను చూసి ఎంచుకోవాలి. ఘనపుటడుగు లెక్కన కొన్నపుడు, తరువాత తీసివేయవలసిన తెల్ల అంచుకు కూడా డబ్బు చెల్లించినట్లే అవుతుంది.

ఆరుదల

పచ్చికర్రలో తేమ సుమారు 30 శాతానికి దిగిన తరువాత చెక్క ముడుచుకోవడం మొదలవుతుంది. వార్షిక వలయాల వెంబడి కలిగే సంకోచం, కేంద్రం నుండి బయటి వైపుకు కలిగే సంకోచానికి దాదాపు రెండింతలు. అందువలననే వెడల్పాటి పలకలు వంగుతాయి, కదలకుండా బిగించిన చోట పగులుతాయి. ఇంటి లోపలి ఫర్నిచరుకు సాధారణంగా 8 నుండి 12 శాతం తేమ ఉన్న కలప తగినది. అంగుళం మందానికి ఒక సంవత్సరం చొప్పున నీడలో ఆరబెట్టాలని వాడుకలో ఒక లెక్క ఉన్నది. బట్టీలో ఆరబెడితే కొద్ది వారాలు చాలు. తేమను చూపే చిన్న మీటర్లు దొరుకుతున్నాయి. ఒక టేకు బీరువాకు అయ్యే ఖర్చుతో పోలిస్తే వాటి ధర స్వల్పం. కోస్తాలో వానాకాలంలో సరిగా ఆరని చెక్కతో చేయించిన సామాను ఏసీ గదిలోకి చేరితే కీళ్ళు వదులవుతాయి.

వస్తువును బట్టి జాతి

తలుపులు, వెడల్పు పలకలు ఉండే బీరువాకు టేకు అనువైనది. అది తేమ మార్పులకు తక్కువగా కదులుతుంది, ఉలికి సులభంగా లొంగుతుంది. నల్లమద్ది బరువైనది, దృఢమైనది. ఆరేటపుడు పగుళ్ళు తీస్తుంది. దానిని దర్వాజాలకు, మంచం పట్టెలకు, కాళ్ళకు వాడడం మంచిది. వేగిస చేవ తడిస్తే పసుపు మరకలు వేస్తుంది. భోజనపు బల్లకు వాడదలచినపుడు పైపూత గట్టిగా ఉండాలి. మామిడి చౌక, బోరాక్స్, బోరిక్ ఆమ్లాలతో శుద్ధి చేయనిదే పుచ్చు పడుతుంది.

జిట్రేగి ఫర్నిచరు అందానికి పేరు పొందినది. ఈ చెట్టు 2017 నుండి సైట్స్ ఒప్పందపు రెండవ అనుబంధంలో ఉన్నందున, దానితో చేసిన పెద్ద సామానును విదేశాలకు పంపాలంటే అనుమతి పత్రాలు అవసరం. విదేశాలలోని పిల్లల కొరకు చేయించేవారు ఈ సంగతిని ముందుగానే విచారించుకోవాలి.