మట్టిలో కలియు మర్యాద

మహాశివరాత్రి వచ్చినదనగా మానుకోట సీమ జనులు కురవి వీరభద్రస్వామి జాతరకు తరలుదురు. తూర్పు చాళుక్యుల నాటి తెలుగు శాసనమువలన ఆ గ్రామము చరిత్రకారులకును సుపరిచితము. అయితే నేడు మేము ముచ్చటింపదలచినది గుడిని గూర్చి గాదు, వీరభద్రుని కొలుచు వీరశైవుల అంత్యవిధిని గూర్చి.

హిందువులలో దహనమే పెక్కుమందికి ఆచారము. వీరశైవులు మాత్రము శవమును ఖననము చేయుదురు. గోతిలో ఒక ప్రక్క గూడు తొలిచి, దేహమును పద్మాసనమున కూర్చుండబెట్టి, బ్రదికియున్నంత కాలము ధరించిన ఇష్టలింగమును ఎడమచేత నుంతురు. విభూతియు మారేడు పత్రియు చల్లి మట్టి పూడ్చుదురు. పెట్టె లేదు, కట్టె లేదు. లింగైక్యము చెందినవాడు మరల శుద్ధి కావలసిన పని లేదు గనుక అగ్నితో అవసరము లేదని వారి భావన. బసవపురాణమును రచించిన సోమనాథుని పేరుతో ముడివడిన పాలకుర్తి గల ఈ సీమలో ఈ ఆచారమునకు లోతైన వేళ్ళు కలవు. సన్న్యాసులను, పసిబిడ్డలను పూడ్చుట ఇతరులలోను కలదు. కట్టె కొనజాలక పూడ్చిన నిరుపేదలును లేకపోలేదు.

అంతకు మునుపటి ఆనవాళ్ళును సమీపమున నున్నవి. ములుగు జిల్లా తాడ్వాయి అడవులలో దామరవాయివద్ద పెద్ద రాతిపలకలను నిలిపి, వానిపై మరొక పలకను కప్పిన సమాధులు కానవచ్చును. లోపల రాతితొట్లు కలవు. ఇవి ఇనుపయుగమునాటివి. పల్లెజనులు వీనిని రాకాసిగుళ్ళందురు. ఆ ప్రాచీనులు తమవారి గుర్తు నిలువవలెనని రాతిని నమ్మిరి. రాయి నిలిచినది, పేరు నిలువలేదు. జంగమయ్య గోతిపై రాయియు ఉండనక్కరలేదు. రెండు మూడు వానలకు ఆ తావు చదునై, గడ్డి మొలచును.

ఈ రెండవ తెరువునే పాశ్చాత్యులు ఇటీవల క్రొత్తగా పట్టిరి. వారి దేశములలో శవము చెడకుండుటకు ఫార్మాల్డిహైడు వంటి రసాయనములను ఎక్కించి, గట్టి పెట్టెలో నుంచి, కొన్నిచోట్ల సిమెంటు గదిలో దాచుట వాడుకయైనది. దీనికి మారుగా 1993లో ఇంగ్లండులోని కార్లైల్ నగర శ్మశానమున కెన్ వెస్ట్ అను అధికారి పూనికతో సహజ ఖననస్థలము ఏర్పడినది. రసాయనము కూడదు, శిథిలమగు పెట్టెయో బట్టయో చాలును, శిలాఫలకమునకు బదులు చెట్టు నాటవలెను. ఇవి ఆ పద్ధతిలోని నియమములు. నేడు బ్రిటనులో ఇట్టి స్థలములు రెండు వందలకు పైగా నున్నవి. మరీ లోతుగా పూడ్చరు, ఏలయన గాలి తగులు పైమట్టిలోనే సూక్ష్మజీవులు చురుకుగా పనిచేయును. బావులకు, వాగులకు దూరముగా చోటు నెంచుదురు.

చితికి సామాన్యముగా నాలుగైదు వందల కిలోల కట్టె పట్టును. అందుచేత దహనము తప్పని మేమనము. ఎవరి విధి వారికి పవిత్రము. మా విచారము మరియొకటి. పూడ్చుకొను ఆచారము గల కుటుంబములలోను నేడు సిమెంటు సమాధుల మోజు పెరుగుచున్నది. గోరీపై గోరీ లేచినకొలది మరుసటి తరమునకు జానెడు చోటు మిగులదు. శ్మశానపు భూములు దున్నకములలో కలిసిపోవుటయు పలుచోట్ల కన్నదే. 2019లో ఆరంభమైన పల్లెప్రగతి క్రింద తెలంగాణ గ్రామములలో వైకుంఠధామములు వెలసినవి. దహనవేదికలు, నీటి వసతి సమకూడినవి. మంచిదే. అయితే వేదిక అక్కరలేని వానికి కావలసినది మెత్తని మట్టి. ఆ మట్టికి హద్దురాళ్ళు పాతి, కానుగో వేపయో నాటి కాపాడుట గ్రామపెద్దల చేతిలోని పని. దానికి పెద్ద ఖర్చును లేదు.

శ్మశానపు మాట ఇంటిలో ఎత్తుట అశుభమని పెద్దలు వారింతురు. కాని ఆ మాట ముందుగా అనుకొనని ఇంటిలో, దుఃఖము నడుమ చోటు వెదకుకొనుట మిక్కిలి కష్టము. తాతను మట్టిలో కలిపిన చోట వేపచెట్టు నీడ నిచ్చుచుండగా మనుమడు దానిని చూపి పేరు చెప్పగలిగిన, అంతకు మించిన సమాధి యేమి కావలెను?