సముద్రము దాటిన పూర్వికుని జాడ

తద్దినము నాడు మన ఇండ్లలో మూడు తరముల పేర్లు చెప్పుదురు: తండ్రి, తాత, ముత్తాత. అంతకు పైవారిని గూర్చి అడిగినచో పెద్దలు ఇంటిపేరు చెప్పుదురు, గోత్రము చెప్పుదురు, మనవారు ఏ ఊరినుండి వచ్చినదియు చెప్పుదురు. అక్కడితో జ్ఞాపకము ఆగిపోవును.

మా ఇంట ఒక మాట మాత్రము ఆ ఎల్లను దాటి నిలిచినది. మా తాతగారు చెప్పుచుండెడివారు: వారి ముత్తాతగారికి ఒక తమ్ముడు ఉండెడివాడట. ధాత కరవులో చంద్రగిరి ప్రాంతము విడిచి నడచి చెన్నపట్నము పోయినాడట, అక్కడ ఓడ ఎక్కినాడట, మరల రాలేదట. ఏ దేశము పోయినదియు ఎవరికిని తెలియదు. భార్య వెంట పోయినదో, పుట్టింటికి పోయినదో తెలియదు. ఇంతే కథ. ఈ ఒక్క వాక్యమునకు వెనుక ఉన్న సంసారమును కాగితములలో వెదకవచ్చునా అను ప్రశ్న నన్ను చాలకాలము వెంటాడినది. ఆ వెదకులాటలో నేను నేర్చుకొన్న సంగతులను ఈనాడు శ్రోతలకు మనవి చేయుదును.

మొదట అన్నగారి సంగతి. ఆయన జాడ సులభముగానే దొరికినది. కారణము, ఆయనకు చెరువు క్రింద కొద్దిపాటి మాన్యము ఉండుట. 1858లో మద్రాసు ప్రభుత్వము ఇనాము కమిషనును ఏర్పరచినది. ఆ పని 1869 వరకు సాగినది. పూర్వపు రాజులు, పాళెగాండ్రు, నవాబులు ఇచ్చిన మాన్యములను ఎవరు అనుభవించుచున్నారో, ఏ హక్కుతో అనుభవించుచున్నారో విచారించి, గ్రామము వారీగా రిజిస్టర్లలో ఎక్కించినారు. భూమి ఎంత, ఎవరు ఇచ్చినారు, మొదట పొందినవాడు ఎవరు, ఇప్పుడు అనుభవించువాని పేరేమి, వయస్సెంత, కాపురము ఎక్కడ, మొదటివానికి ఇతడేమి కావలెను, ఇతని వారసులెవరు అని గడులు గీచి నింపినారు. పన్ను కొరకు పుట్టిన ఆ రిజిస్టరు నేడు వంశవృక్షముగా పనికివచ్చుచున్నది. భర్త పోయిన తరువాత మాన్యము అనుభవించుచున్న స్త్రీల పేర్లు కూడ అందులో కనబడును.

అన్నగారి వరుస ఆ విధముగా నిలిచినది. తమ్ముని పేరు అందులో లేదు. మాన్యము అన్నగారి పేరనే ఉండుటచే తమ్మునితో సర్కారుకు పనిలేదు. 1871 మొదలు పదేండ్లకొకసారి జనాభా లెక్కలు తీసినారు గదా అని అడుగవచ్చును. అంకెలు అచ్చయినవి గాని ఇంటింటికి తిరిగి పేర్లు వ్రాసిన ఆ కాగితములను భద్రపరచలేదు. కాబట్టి భూమి గలవానికి ఊరిలో లెక్క ఉన్నది. భూమి లేనివానికి లేదు. ఊరిలో ఎక్కని అట్టివాని పేరు సముద్రము దాటిన తరువాత మరియొక పుస్తకములోనికి ఎక్కినది.

ఆ పుస్తకము పుట్టిన విధమును కొంచెము చెప్పవలెను. 1833లో బ్రిటిషు పార్లమెంటు బానిసత్వమును రద్దు చేసిన తరువాత చెరకు తోటల యజమానులకు కూలీలు కావలసి వచ్చినారు. 1834లో మారిషసుకు, 1860లో దక్షిణాఫ్రికాలోని నేటాలుకు మనవారి ప్రయాణము మొదలైనది. మద్రాసునుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ 1860 నవంబరు 16న 342 మందితో నేటాలు రేవు చేరినది. 1911 వరకు ఆ దేశమునకు ఐదేండ్ల ఒప్పందముపై పోయినవారు మొత్తము 1,52,184 మంది. వారిలో సుమారు మూడింట రెండు వంతులవారు మద్రాసు రేవునుండి పోయినవారే. అగ్రిమెంటు అను మాట వారి నోట గిరిమిటు అయినది.

ఆ కూలీలను పంపిన జిల్లాలలో ఉత్తర ఆర్కాడు ముఖ్యమైనది. ఆ కాలములో చిత్తూరే ఉత్తర ఆర్కాడు జిల్లాకు ముఖ్యపట్టణము. చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు తాలూకాలును, పుంగనూరు, కాళహస్తి, కార్వేటినగరము జమీందారీలును అందులోనివే. వానలు తప్పిన సంవత్సరములలో ఈ మెట్టపొలముల కూలీకి చెన్నపట్నపు బాటయే దిక్కు. 1876 మొదలు 1878 వరకు పీడించిన ధాత కరవులో ఆ బాట ఎట్లుండెనో ఊహింపవచ్చును.

ఓడ ఎక్కిన ప్రతి మనిషికి ఒక సంఖ్య ఇచ్చినారు. భర్తకొక సంఖ్య, భార్యకొక సంఖ్య, చంకబిడ్డకొక సంఖ్య. సంఖ్యకు ప్రక్కన పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఒంటిమీది గుర్తులు వ్రాసినారు. ఎడమ చెంపపై పుట్టుమచ్చ, మోకాలిపై గాయపు మచ్చ వంటి వివరములు పారిపోయినవానిని పట్టుకొనుటకై వ్రాసినవి. ఈనాడు మునిమనుమడు చదువునపుడు ఆ మచ్చయే ఒక ముఖమై కనుల ముందు నిలుచును. ఈ జాబితాల ప్రతులను డర్బనులోని క్వాజులు-నేటాలు విశ్వవిద్యాలయమునకు చెందిన గాంధీ-లుతులి పత్రభాండాగారములో చూడవచ్చును. మారిషసులో మరియొక విశేషము కలదు. అక్కడ 1860ల నుండి కూలీలకు ఛాయాచిత్రములు కూడ తీసినారు. అవి మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో ఉన్నవి. 2015లో యునెస్కో ఆ దస్తావేజులను ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చినది.

అయితే ఈ జాబితాను చదువుట అంత తేలిక కాదు. మొదటి చిక్కు ఇంటిపేరు. మన తెలుగువారికి ఇంటిపేరు ముందు, సొంతపేరు తరువాత. ఓడ గుమాస్తా అడిగినది నీ పేరేమి, నీ తండ్రి పేరేమి అని మాత్రమే. ఇంటిపేరుకు అక్కడ గడి లేదు. అందుచే ఇంటిపేరు చెన్నపట్నపు ఒడ్డుననే ఉండిపోయినది. అక్కడ పుట్టిన బిడ్డలకు తండ్రి పేరో, నాయుడు, రెడ్డి, శెట్టి అను మాటయో వంశనామమైనది. రెండవ చిక్కు కులపు గడి. తొలి ఓడల జాబితాలలో తెలుగువారిని జెంటూలనియు, తమిళులను మలబారులనియు వ్రాసిన చోట్లున్నవి. అవి కులములు కావు. ఆనాటి దొరలు ఆయా భాషలవారికి పెట్టిన పేర్లు.

మూడవ చిక్కు జిల్లా. 1911 ఏప్రిల్ 1కి ముందు చిత్తూరు జిల్లాయే లేదు. మదనపల్లె, వాయల్పాడు వారి పూర్వికులను కడప జిల్లా క్రింద వెదకవలెను. చంద్రగిరి వారిని ఉత్తర ఆర్కాడు క్రింద వెదకవలెను. తిరుత్తణి 1911లో చిత్తూరు జిల్లాలోనికి వచ్చి, 1960లో మద్రాసు రాష్ట్రమునకు పోయినది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరొక జిల్లా అయినది. ఊరు కదలలేదు, పైనున్న పేరు మాత్రము మారినది. ఈ సంగతి తెలియక వెనుదిరిగినవారు ఎందరో!

ఈ చిక్కులను దాటినవానికి సంసారము కనబడసాగును. వెనువెంట వచ్చు మూడు సంఖ్యలను చూడుడు: ముప్పది ఏండ్ల పురుషుడు, ఇరువది రెండేండ్ల స్త్రీ, రెండేండ్ల శిశువు. శిశువు వరుసలో తండ్రి పేరు మొదటివాని పేరే. ఇది ఒక కాపురము. పెక్కు చోట్ల స్త్రీ వరుసలో ఆమె తండ్రి పేరు వ్రాసి ఉండును. ఇక్కడి దస్తావేజులలో కోడలిగానో, వితంతువుగానో మాత్రమే కనబడు స్త్రీ అక్కడ ఫలానావాని కుమార్తెగా నిలిచినది. ఆమె పుట్టిల్లు కూడ ఆ గడిలో మిగిలినది.

ఆ కాపురము ఎట్టిది? మొదటి ఏట పురుషునికి నెలకు 10 షిల్లింగులు, స్త్రీకి అందులో సగము. చెరకు తోట, రైలుబాట, బొగ్గుగని. ఎవరికి ఏ యజమాని దొరకిన అదే ఊరు. నూరుగురు పురుషులకు నలుబదిమంది స్త్రీలైనను ఉండవలెనని తరువాత నియమము పెట్టినారంటే సంసారములెంత కొరవడినవో తెలియుచున్నది. 1871లో తిరిగివచ్చినవారు మద్రాసులో చెప్పుకొన్న ఫిర్యాదులపై 1872లో విచారణ జరిగినది. ఆ ఏటనే వలసవచ్చిన భారతీయులకు రక్షకాధికారి అను పదవి ఏర్పడినది. వివాహములు, జననములు, మరణములు ఆయన కచ్చేరీలో నమోదు కావలసి వచ్చినవి. పెండ్లి పందిట తాళి కట్టిన మాత్రమున చాలలేదు. రిజిస్టరులో సంఖ్యతో ఎక్కవలెను.

ఆ ఎక్కుట ఎంతటి విషయమో 1913లో అందరికి తెలిసివచ్చినది. ఆ సంవత్సరము మార్చి 14న కేపు న్యాయస్థానములో సెర్లు అను న్యాయాధిపతి ఒక తీర్పు చెప్పినాడు. క్రైస్తవ పద్ధతిని జరిగి, అధికారిచే నమోదైన వివాహములు తప్ప తక్కినవి చెల్లవని దాని ఫలితము. కాపురము చేసి బిడ్డలను కన్న ఇల్లాండ్రు చట్టము కంట భార్యలు కాకుండ పోయినారు. గాంధీజీ నడిపిన సత్యాగ్రహములో స్త్రీలు చెరసాలకు పోవుటకు ఆ అవమానము ముఖ్య కారణమైనది. 1914లో వచ్చిన చట్టము మన పద్ధతిని జరిగిన ఏకపత్నీ వివాహములను అంగీకరించినది. ఒప్పందము తీరినవారిపై వేసిన 3 పౌనుల పన్నును రద్దు చేసినది. కాబట్టి రక్షకాధికారి పుస్తకములోని పెండ్లి వరుసను వట్టి కాగితమని త్రోసివేయరాదు. ఒక ఇల్లాలి గౌరవము ఆ వరుసపై ఆధారపడియుండెను.

కాగితమున లేనిది కొంత ఆచారములో మిగిలినది. ఈనాటికిని పెరటాసి నెలలో డర్బను ప్రాంతపు దక్షిణభారత కుటుంబములు మాంసము మాని, శనివారములు ఏడుకొండలవానిని కొలుచుచున్నవి. తమ ఊరేదో చెప్పలేని ఇల్లు కూడ తిరుమల శనివారమును మరువలేదు. ఊరి పేరు పోయినను కొండ గుర్తు పోలేదు.

ఇక మా తాతగారు చెప్పిన ఆ తమ్ముని మాట. ఆయన దొరికినాడని చెప్పుటకు నాకు ధైర్యము చాలదు. అదే పేరు, అదే తాలూకా గల వరుసలు ఒకటికంటె ఎక్కువ ఉండవచ్చును. ఇంటిపేరు లేనిచోట పేరు కలిసినంత మాత్రాన రక్తము కలిసినదనుట తొందరపాటు. తండ్రి పేరు కలియవలెను, గ్రామము కలియవలెను, సంవత్సరము కలియవలెను. మా ఇంట ఆయన తండ్రి పేరు తెలిసినవారున్నారు. భార్య పేరు తెలిసినవారు లేరు. ఆ ఒక్క పేరును మా పూర్వికులు చెప్పియుంచినచో జంట సంఖ్యలను చూచి నిర్ణయించుటకు వీలు కలిగెడిది. కోడండ్ర పేర్లు, వారి పుట్టిండ్లు మనము లెక్కలోనికి తీసికొనకపోవుట వలన కలిగిన నష్టమిది.

అందుచే శ్రోతలకు ఒక మనవి. మీ ఇంట తొంబది ఏండ్ల అవ్వగారుండినచో ఈ వారములోనే ఒక నోటుపుస్తకము తీసికొని ఆమె ప్రక్కన కూర్చొనుడు. ఇంటిపేరు, ఊరు, పాత తాలూకా వ్రాయుడు. కోడండ్రు ఏ ఊరి ఆడపడుచులో వ్రాయుడు. ఊరు విడిచి పోయి తిరిగిరానివారి పేర్లు తప్పక వ్రాయుడు. ఏ కరవులో పోయినారో అడుగుడు. డర్బనులోనో, మారిషసులోనో ఒక మునిమనుమరాలు సంఖ్యను, తండ్రి పేరును, ఒంటి గుర్తును చేతబట్టుకొని ఊరి కొరకు వెదకుచుండవచ్చును. ఆమె చేతిలో సగము ఉన్నది. తక్కిన సగము మన అరుగుమీదనే, అవ్వగారి నోట ఉన్నది.