గోలకొండ పతనం: సేనాని ద్రోహకథ – పునఃపరిశీలన

ప్రలోభానికి లొంగిన సేనాని యుద్ధకథలలో చిరపరిచితమైన పాత్ర. గోలకొండ చరిత్రలో ఆ స్థానం అబ్దుల్లా ఖాన్ పన్నీది. అతడు లంచం తీసుకొని 1687 సెప్టెంబరులో ఒక రాత్రి కోట ద్వారం తెరిపించాడు. కుతుబ్‌షాహీ రాజ్యం అంతరించింది. ఇది వాస్తవమే అయినా, రాజ్యపతనానికి మూలాన్ని ఆ ఒక్క రాత్రిలో వెతకడం సమంజసం కాదు.

ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో పటాన్‌చెరును ఏలిన అమీన్‌ఖానుకు పొన్నగంటి తెలగన తన అచ్చ తెలుగు కావ్యం ‘యయాతి చరిత్ర’ను అంకితమిచ్చాడు. ఏలిన సీమతోనూ, అక్కడి భాషతోనూ ఒక అమీరు పెంచుకొన్న అనుబంధానికి ఇది నిదర్శనం. సుమారు శతాబ్దం తరువాత గోలకొండ అమీర్ల ఎదుట నిలిచింది వేరొక ఆకర్షణ: మొగలు మన్సబు.

1685లో ఔరంగజేబు కుమారుడు షా ఆలం సేనలను మల్ఖేడు ప్రాంతంలో ఎదుర్కొన్న సర్వసేనాని మీర్ మహమ్మద్ ఇబ్రహీం చివరకు శత్రుపక్షంలో చేరాడు. మహాబత్ ఖాన్ అనే బిరుదు పొందాడు. యుద్ధంలో అలసత్వం చూపాడన్న అనుమానం, దర్బారులోని ముఠా తగాదాలు అతడిని అప్పటికే ఒంటరిని చేశాయి. సేనాని చేజారగానే తానాషా హైదరాబాదును వదలి కోటలో తలదాచుకొన్నాడు. నగరం దోపిడీకి గురైంది. మరుసటి ఏడు మాదన్న, అక్కన్నల హత్యతో పాలనాయంత్రాంగం కూడా కుప్పకూలింది. ద్వారం తెరుచుకొనేనాటికి రాజ్యం లోపల శిథిలమై ఉంది.

దాదాపు ఎనిమిది నెలల ముట్టడిలో నిచ్చెనలతో చేసిన దాడి విఫలమైంది. మందుపాతరలు ముట్టడిదారులనే బలిగొన్నాయి. వానలు, కరువు మొగలు శిబిరాన్ని కుంగదీశాయి. ఫిరంగులకు లొంగని కోట చివరకు ధనానికి లొంగింది.

మొగలుల ఆహ్వానపత్రాన్ని సైనికుల ఎదుటే చించివేసి, ఒళ్లంతా గాయాలతో పోరాడిన అబ్దుర్ రజాక్ లారీని ఈ ద్రోహానికి ప్రతిగా చూపడం పరిపాటి. ఈ వృత్తాంతాన్ని విస్తారంగా చెప్పిన ఖాఫీ ఖాన్ మొగలు చరిత్రకారుడు. ఆయన గ్రంథం దశాబ్దాల అనంతరం వెలువడింది. పైగా లారీ కూడా తరువాత మొగలు కొలువులో చేరినవాడే. కాబట్టి విధేయత, ద్రోహం అనే జంట పాత్రలు చరిత్రను పూర్తిగా వివరించలేవు. పన్నీ నేరం కాదనలేనిది. అయితే దానినే ఏకైక కారణంగా స్వీకరిస్తే దర్బారు వైఫల్యానికీ, ప్రలోభాన్నే యుద్ధతంత్రంగా మలచిన సామ్రాజ్యానికీ సంజాయిషీ చెప్పే అవసరం తప్పిపోతుంది.