ప్లాస్టిక్ రైలింజను నమూనాలకు రంగులు మార్చు విద్య

కర్మాగారమునుండి వెలువడిన ప్లాస్టిక్ రైలింజను నమూనాపై నున్న రంగును తొలగించియో, దానిమీదనే పూతలు వేసియో, ఏదేనొక కాలమున ఒక నిజమైన ఇంజను ధరించిన వర్ణములను, గీతలను, అంకెలను యథాతథముగ నిలుపుట ఈ విద్యయొక్క లక్ష్యము. ఇది అనేక దేశములందు వ్యాపించియున్నను, బ్రిటనులో దీనికి ప్రత్యేకమైన కారణమొకటి కలదు: అచ్చటి ఇంజనులు యాజమాన్యము మారినప్పుడెల్ల రంగులు మార్చుకొనెను. 1923లో నూటికి పైబడిన రైల్వే కంపెనీలు నాలుగు పెద్దసంస్థలుగా కూర్పబడగా, లండన్ మిడ్లండ్ స్కాటిష్ రైల్వే తన ప్రయాణికుల ఇంజనులకు ముదురెరుపును, లండన్ నార్త్ ఈస్టర్న్ రైల్వే లేత ఆకుపచ్చను నిర్ణయించెను. 1948లో ఆ నాలుగును జాతీయమైన పిమ్మట కొంతకాలమునకు ఎక్స్‌ప్రెస్ ఇంజనులకు ముదురు ఆకుపచ్చయు, తక్కినవానిలో అధికభాగమునకు నలుపును స్థిరపడెను. కావున బాల్యమున తాను చూచిన ఇంజనే తన బల్లపై నడువవలెనని కోరువానికి, అంగడిలో దొరకిన వేషము తృప్తినీయజాలదు.

ఆదియందు నమూనాలు లోహముతో చేసినవి. లివర్‌పూల్ నగరమున ఫ్రాంక్ హార్న్‌బీ స్థాపించిన మెకానో సంస్థ 1920లో రేకుబండ్లను, 1938లో హార్న్‌బీ డబ్లో అను పేర చిన్నకొలతగల ఇంజనులను విడుదల చేసెను. లోహము ద్రావకములకు చెడదు గనుక, ఆ దినములలో రంగు మార్చుట ఓపికకు సంబంధించిన పనియే కాని సాహసము కాదు. 1950లో రోవెక్స్ అను సంస్థ మార్క్స్ అండ్ స్పెన్సర్ దుకాణములకొరకు చేసిన ప్లాస్టిక్ బండి ఈ స్థితిని మార్చెను. మరుసటి యేట లైన్స్ బ్రదర్స్ ఆ సంస్థను కొనగా, 1952నుండి ట్రై-యాంగ్ అను పేర ఆ బండ్లు వ్యాప్తికి వచ్చెను. ఆరంభమున వాడిన సెల్యులోస్ అసిటేట్ కాలక్రమమున వంకరలు పోవుచుండుటచే, తరువాత పాలీస్టైరీన్ దాని స్థానమును గైకొనెను. అచ్చులో పోయు ప్లాస్టిక్కునకే రంగు కలుపుటవలన ధర తగ్గి సామాన్యుల యిండ్లకు ఇంజను చేరెను; కాని దాని మెఱుపు బొమ్మను స్ఫురింపజేయుటచే, శ్రద్ధాళువులకు కుంచె పట్టక తప్పినది కాదు.

లోహమునకు నిరపాయమైన సెల్యులోస్ థిన్నరు పాలీస్టైరీనును కరగించును. రివెట్ల తలలును, తలుపుల అంచులును క్షణములో చెడిపోవును. అమెరికాలో ప్రసిద్ధములైన ఫ్లోక్విల్ రంగులలో సైతము తీవ్రమైన ద్రావక ముండుటచే, ప్లాస్టిక్కుపై ముందుగా రక్షకమైన పూత యొకటి వేయవలసివచ్చెడిది. హల్ నగరపు హంబ్రోల్ సంస్థ బుల్లిడబ్బాలలో అమ్మిన ఎనామిల్ రంగులు వైట్ స్పిరిట్‌తో పలుచబడునవి గనుక, బాలురకును పెద్దలకును ఈ పని నిర్భయమయ్యెను. ఈ విద్యకు ఏ గ్రంథముకంటెను ఆ డబ్బాయే ఎక్కువ మేలు చేసినదనుట అతిశయోక్తి కాదు. పాతరంగు తొలగించుట మరింత కఠినము. మోటారు బ్రేకు ద్రవము, డెట్టాల్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మొదలగునవి, వేరు పనులకై పుట్టినవే యైనను, నమూనాకారుల చేతిలో రంగు వదలించు సాధనములైనవి. వీనిలో బ్రేకు ద్రవమున అధికకాలము నానిన ప్లాస్టిక్ పెళుసెక్కి విరుగుటయు కలదు. అందుచే కంటికానని మూలలో ముందుగా పరీక్షించుట నియమమైనది.

రంగు వదలిన పిదప సబ్బునీటితో జిడ్డు కడిగి, ప్రైమరు వేసి, దట్టమైన ఒక్క పూతకు బదులు పలుచని పూతలు పలుమార్లు వేయుదురు. ఎయిర్‌బ్రష్ వచ్చినతరువాత ఇది సుకరమయ్యెను. కాని నేర్పు తెలియునది గీతలయందే. ఈ నమూనాలలో అడుగునకు 4 మి.మీ. కొలత గనుక, నిజమైన ఇంజనుపై అర అంగుళపు గీత ఇచ్చట 0.17 మి.మీ. మాత్రమే యగును. రూలింగు పెన్నులో ఎనామిల్ నింపి, బాయిలరు వంపుపై అట్టి గీతను చేయి వణకక గీయగలవారు అరుదు. 1950లో ఏర్పడిన హిస్టారికల్ మోడల్ రైల్వే సొసైటీ కాలక్రమమున అంకెలను, చిహ్నములను, గీతలను అతికించు ట్రాన్స్‌ఫర్లుగా అందించి ఎందరికో తోడ్పడెను.

అసలు రంగు ఏదియో తెలియుటయు సులభము కాదు. నలుపుతెలుపు ఛాయాచిత్రములలో పూర్వపు ఆర్థోక్రొమాటిక్ ఫలకములు ఎరుపును గ్రహింపలేనందున, ముదురెరుపు ఇంజను దాదాపు నల్లగా కనబడును. కంపెనీలు కొన్ని కొత్త ఇంజనులకు చిత్రముకొరకే తాత్కాలికముగ బూడిదరంగు వేయించుటయు ఆచారమైయుండెను. ఆ చిత్రమును నమ్మినవాడు ఇంజను ఎన్నడును పట్టాలపై ధరింపని వేషమును దానికి తొడుగును. యార్క్ నగరపు జాతీయ రైల్వే ప్రదర్శనశాలలోని ఇంజనులను చూచి పోల్చుకొనువారు కలరు. కాని అవియు పెక్కుసార్లు మరల రంగులు పూయబడినవే. దూరమునుండి చూచు వస్తువు రంగు గాలిలో వెలిసినట్లగుపడును గనుక, నమూనాకు అసలు రంగుకంటె కొంచెము లేతదే తగునని పెక్కుమంది యెంచుదురు. ఈ అభిప్రాయమే సరియైనది. చెంతనుంచి చూచినను కన్ను నమూనాను దూరపు ఇంజనుగనే భావించును.

1970లనుండి మెత్తని సిలికాన్ దిండుతో ముద్రించు పద్ధతి కర్మాగారములలో ప్రవేశించి, చేతికి దుస్సాధ్యమైన గీతలను వేలకొలది నమూనాలపై ఒకే తీరున వేయసాగెను. తత్ఫలితముగ పూర్తిగా రంగు మార్చుట తగ్గి, అంకె మార్చుటయు, మసి, తుప్పు, నూనెమరకలు చూపుటయు ప్రధానమైనవి. ఈ రెండవదానికి కాలిఫోర్నియాలోని నమూనాకారుడు జాన్ ఆలెన్ ఆద్యులలో నొకడు. కర్మాగారము చేపట్టని అరుదైన కంపెనీల రంగులు కావలెనన్న నేటికిని పాతదారియే శరణ్యము. ఇక తొలినాటి ట్రై-యాంగ్ నమూనాల సేకర్తలు అసలు పూత చెక్కుచెదరనివానికే విలువ కట్టుదురు గనుక, రంగు మార్చువారు విరిగిన, గీతలు పడిన దేహములనే ఎంచుకొనుట మేలు.