హుస్సేన్ సాగర్ అడుగున ఏముంది?

అమీర్‌పేట్‌లో కోర్సులు చేసే రోజుల్లో మా గది నుంచి బేగంపేట వైపు నడిస్తే కూకట్‌పల్లి నాలా వచ్చేది. ముక్కు మూసుకుని దాటేసేవాళ్ళం. ఇప్పుడు పంజాగుట్టలో ఉంటున్నా. ఆదివారం నెక్లెస్ రోడ్డుకి వెళ్తే అదే వాసన, కాస్త పల్చగా. ఆ నాలా వచ్చి కలిసేది ఇక్కడే మరి.

1562లో, ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో హుస్సేన్ షా వలీ కట్టించిన చెరువిది. నగరం కంటే వయసులో పెద్దది. 1920లో గండిపేట పూర్తవ్వకముందు జనం ఈ నీళ్ళు తాగేవారంటే మా రూమ్మేట్ నమ్మలేదు. తర్వాత సనత్‌నగర్, బాలానగర్, జీడిమెట్లల్లో ఫ్యాక్టరీలు లేచాయి. వాటి వ్యర్థాలు, మన ఇళ్ళ మురుగు దశాబ్దాలపాటు ఈ నాలాలోంచే సాగర్‌లోకి దిగాయి.

నీళ్ళు పోతాయి గానీ సీసం, జింకు, క్రోమియం చాలావరకు పోవు. మట్టి రేణువులకి అంటుకుని అడుగున కూర్చుంటాయి. నగరానికి అదొక లాగ్ ఫైలు, ఎవరూ తెరిచి చూడనిది. (1990లో మునిగిపోయిన బుద్ధుడు 1992 డిసెంబర్ దాకా పడుకున్నది ఈ బురదలోనే.)

అసలు తిరకాసు ఇక్కడుంది. అడుగున ఆక్సిజన్ ఉండదు. అక్కడి బాక్టీరియా సల్ఫేటుని సల్ఫైడుగా మారుస్తాయి. సీసం, జింకు, కాడ్మియం దానితో కలిసి నీళ్ళలో కరగకుండా ఉండిపోతాయి. మనం తిట్టుకునే ఆ కుళ్ళిన గుడ్డు వాసనే వాటికి తాళం అన్నమాట! బురదని పైకి తీసి గాలి తగలనిస్తే సల్ఫైడు ఆక్సిజన్‌తో కలిసి ఆమ్లం పుడుతుంది, లోహాలు మళ్ళీ కరుగుతాయి. పోనీ కదపకుండా వదిలేద్దామా? ఇనుము ఆక్సైడుని పట్టుకుని ఉన్న ఆర్సెనిక్ లాంటివి ఆక్సిజన్ లేకపోతేనే విడుదలవుతాయి. ఎటు చూసినా చిక్కే.

2006లో జపాన్ రుణంతో సాగర్ శుద్ధి ప్రాజెక్టు మొదలైంది. 2015లో ఏకంగా చెరువంతా ఖాళీ చేస్తామన్నారు, వ్యవహారం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. అప్పటికి నేను ఇంటర్‌లో ఉన్నా, భలే ఐడియా అనుకున్నా. ఇప్పుడైతే ఎవరూ డాక్యుమెంట్ చేయని పాత కోడ్‌ని ప్రొడక్షన్‌లో డిలీట్ చేయడం గుర్తొస్తోంది.

తీసిన బురదలో మొత్తం లోహం ఎంతుందో చెప్తే సరిపోదు. దాన్ని నీళ్ళలోనో పల్చటి ఆమ్లంలోనో గిలకొట్టి, ఎంత బయటికొస్తుందో కొలవాలి. దాన్నిబట్టే ఎక్కడ పోయాలో తేలుతుంది. ఎందుకంటే సాగర్ మిగులు నీళ్ళు అశోక్‌నగర్ మీదుగా మూసీలో కలుస్తాయి. దిగువన ఆ మూసీ నీళ్ళతోనే వరి, పశువుల గడ్డి పండిస్తారు.